ముప్పావు మిల్లీమీటరు కోసం

వాచీ డయల్ వ్యాసం తగ్గించాలంటే అంచు రుద్దితే చాలు కదా అనిపిస్తుంది. రుద్దడం ఎంతసేపు, గట్టిగా పావుగంట పని. డయల్‌ని ఎలా పట్టుకుంటే నడుమ చిల్లు నుంచి చుట్టూ సమానంగా తగ్గుతుంది, రంగు పెళ్లలు లేవకుండా ఏ వైపు నుంచి రుద్దాలి, ఎక్కడ ఆపాలి అన్నవి తేల్చుకోవడానికే నాకు ఎక్కువ సమయం పట్టింది. ఇలాంటి పని పెట్టుకున్నవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

వాచీ మా మామగారిది, హెచ్.ఎం.టి. జనతా. ఆయన నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే చిన్న గేజి లైన్లో పనిచేశారు. 2004లో ఆ చిన్న రైలు ఆగిపోయేదాకా ఎండకీ వానకీ చేతికి ఇదే. లోపలి మెషీను ఇప్పటికీ భేషుగ్గా ఉంది. పదిహేడు జ్యూవెల్స్‌ది (చక్రాల ఇరుసులు అరగకుండా పెట్టే బుల్లి రాళ్లు), పొద్దున్నే కీ ఇస్తే మర్నాటిదాకా ఢోకా లేదు. పోయింది కేసు. పైన క్రోమియం పూతే తప్ప లోపల స్టీలు కాదు. ఏళ్ల తరబడి చెమట తగిలి, పట్టా తగిలించే కొమ్ముల కింద గుంటలు పడిపోయింది. వెనక మూత సరిగ్గా కూర్చోక లోపలికి దుమ్ము కూడా వెళ్తోంది.

అందుకని స్టీలు కేసు ఒకటి ఆన్‌లైన్లో తెప్పించాను. జనతాకి సరిపోతుందని రాసి మరీ అమ్మారు. వచ్చాక చూస్తే మెషీను సరిపోయింది, డయల్ మాత్రం కేసు లోపలి మెట్టు మీదకి దిగకుండా అంచు మీదే ఆగిపోయింది. తిప్పి పంపుదామంటే, ఇంకో కేసు సరిపోతుందన్న పూచీ ఎవరిది? పాత వాచీల కేసులు బ్యాచికో రకంగా ఉంటాయని అప్పటికే చాలామంది చెప్పి ఉన్నారు.

బజార్లో వాచీ రిపేరు చేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఇప్పుడాయన బ్యాటరీలు మార్చడం, పట్టాలు వేయడం తప్ప మెషీన్ల జోలికి పోవడం లేదు. డయల్ చూసి, "ఇదెందుకు బాబూ, కొత్త డయల్ ఏసేద్దాం, రెండొందలు అవద్ది" అన్నాడు. కొత్తదంటే మళ్లీ అచ్చువేసిన డయల్. జనతా డయళ్లు ఇప్పుడు బజార్లో అవే ఎక్కువ. బెంగళూరులో 1961లో జపాను సిటిజన్ కంపెనీ సాయంతో హెచ్.ఎం.టి. గడియారాల తయారీ మొదలైంది, ఆ వాచీల కంపెనీకి 2016లో కేంద్ర ప్రభుత్వం మూసివేత ఖరారు చేసింది. ఆనాటి ఫ్యాక్టరీలో వేసిన డయల్ ఇక కొత్తగా రాదు. మామగారి డయల్ ఆరింటి దగ్గర కాస్త పసుపు తిరిగింది కానీ అచ్చు ఎక్కడా చెరగలేదు. దాన్ని తీసి మళ్లీ అచ్చువేసింది పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

ఇంటికొచ్చి ముందు కొలతలు తీశాను. మిల్లీమీటరులో వందో వంతు దాకా చూపించే కొలత పరికరం, డిజిటల్ వెర్నియర్ ఉంటే మంచిది, స్కేలుతో అయ్యే పని కాదు. చూడాల్సిన కొలతలు మూడు. డయల్ వ్యాసం 30.10 మిల్లీమీటర్లు. కేసు లోపల డయల్ కూర్చునే మెట్టు 29.45. అద్దం వైపు నుంచి కనిపించే కిటికీ 28. ఈ మూడోది చాలామంది కొలవరు, ధైర్యం ఇచ్చేది మాత్రం అదే. కిటికీ కన్నా డయల్ పెద్దదిగా ఉన్నంతవరకు అంచు ఎలా ఉన్నా బయటికి కనపడదు. నిమిషాల గీతలు కూడా కిటికీ లోపలే అయిపోతున్నాయి. డయల్‌ని 29.35కి దింపితే మెట్టులో తేలిగ్గా దిగుతుంది, కిటికీ కింద ఇంకా చుట్టూ అర మిల్లీమీటరు పైనే దాగి ఉంటుంది. అంటే తగ్గాల్సింది మొత్తం ముప్పావు మిల్లీమీటరు, ఒక్కో పక్క అందులో సగం.

ఇంకొకటి కూడా చూసుకోవాలి. డయల్ వెనక రెండు చిన్న కాళ్లుంటాయి, అవి మెషీను చిల్లుల్లో దిగితే పక్కనుంచి బుల్లి స్క్రూలు వాటిని పట్టి ఉంచుతాయి. ఆ కాళ్లు అంచుకి దగ్గర్లోనే అతికించి ఉంటాయి. అంచు మరీ లోపలికి తెస్తే కాలు అతుకు దగ్గర రేకు బలహీనపడుతుంది. నా డయల్‌కి కాలు బయటి పక్క నుంచి అంచుకి మిల్లీమీటరు పైనే ఉంది, కాబట్టి ఇబ్బంది లేదు.

డయల్ కాకుండా కేసు మెట్టునే పెద్దది చేస్తే సరిపోదా అని కూడా ఆలోచించాను. న్యాయంగా అయితే అదే మంచిది. కేసు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, డయల్ పోతే అంతే. కానీ స్టీలు గట్టిది, లేత్ లేకుండా ఒక మెట్టు గుండ్రంగా తియ్యలేం. పైగా ఆ చోట కేసు గోడ పలచన. డయల్ అయితే మెత్తటి ఇత్తడి రేకు, చేత్తో తగ్గించగలిగేది.

మామగారికి విషయం చెప్తే కళ్లద్దాలు పైకి తోసి, "ఏటి బాబూ, నా వాచీకి గుండు గీస్తారేటి?" అన్నారు. గీసినా గుండు కనపడదని కేసు కిటికీ చూపించాక ఒప్పుకున్నారు.

వాచీ విప్పడం గురించి ఎక్కువ రాయను, తెలిసినవాళ్లకి తెలుసు. ముళ్లు తీసేటప్పుడు డయల్ మీద పలచటి ప్లాస్టిక్ కాగితం వేసి తియ్యాలి. డయల్ లేపేటప్పుడు మాత్రం వాచీని ముఖం పైకే ఉంచాలి. గంటల ముల్లు ఎక్కే చక్రం మీద గాలికి కూడా ఎగిరిపోయేంత పలచటి ఇత్తడి వాషరు ఒకటి ఉంటుంది. డయల్ వెనక అంటుకుని వస్తుంది, లేదంటే జారి ఎక్కడో పడుతుంది. దాన్ని వెంటనే పట్టకారుతో తీసి చిన్న సీసాలో వేశాను. మెషీను మా ఆవిడ ఇచ్చిన మూత గట్టి స్టీలు డబ్బాలో పెట్టి వేరే గదిలో దాచాను. ఇత్తడి రజను రేగే చోట మెషీను ఉండకూడదు. ఒక్క నలక చక్రాల పళ్ల మధ్యకి పోయిందంటే వాచీ ఆగిపోతుంది.

అసలు డయల్ ముట్టుకోకముందు తుక్కు డయళ్ల మీద చూసుకున్నాను. రిపేరు పెద్దాయన అడిగితే పాత సిగరెట్టు పెట్టెలో ఉన్నవి ఊరికే ఇచ్చేశాడు. వాటిలో ఒకదాన్ని వెనక నుంచి ముందుకి, ఇంకోదాన్ని ముందు నుంచి వెనక్కి ఆకురాయితో రుద్ది భూతద్దంలో చూశాను. వెనక నుంచి ముందుకి రుద్దినదాని అంచు పొడవునా రంగు చేప పొలుసుల్లా లేచిపోయింది. ముందు నుంచి వెనక్కి రుద్దినదానికి రంగు అంచుదాకా గీత గీసినట్టు నిలిచింది. ఆకురాయి పన్ను రంగుని రేకు మీదకి నొక్కుతూ పోతే నిలుస్తుంది, రేకు మీద నుంచి బయటికి తోస్తూ పోతే ఊడుతుంది. ఇది ఒక్కటి తెలిస్తే పని సగం అయినట్టే. ఆకురాయి కన్నా సన్నటి ఉప్పుకాగితమే మేలని కూడా అప్పుడే తేలింది. ఆకురాయి అక్కడక్కడ ఎక్కువ తినేసి, గుండ్రటి అంచుని పలకలు పలకలుగా చేస్తోంది.

పలకలు రాకూడదంటే డయల్ తిరుగుతూ ఉండాలి, కాగితం కదలకుండా ఉండాలి. డయల్‌ని డ్రిల్ మిషన్‌కి ఎలా తగిలించాలి? నడుమ చిల్లులో స్క్రూ పెట్టి బిగిస్తే చిల్లు చుట్టూ రంగు పగులుతుంది, రేకు కూడా వంగుతుంది. రెండు వైపులా జిగురుండే టేపు పని చేస్తుంది కానీ, తీసేటప్పుడు అచ్చు ఊడివస్తే చేసేదేమీ లేదు. అందుకని రెండు గట్టి బిళ్లల మధ్య డయల్‌ని శాండ్‌విచ్‌లా పెట్టి తిప్పాలనుకున్నాను. బిళ్లలు సరిగ్గా 29.35 వ్యాసంలో ఉంటే, అంచు బిళ్లతో సమానమయ్యేసరికి పని అయిపోయినట్టు.

బిళ్లలు దేనితో చెయ్యాలి? యాక్రిలిక్ ప్లాస్టిక్ అయితే వేడికి కరిగి కాగితానికి అంటుకుంటుంది. ఇత్తడి తిప్పడానికి నా దగ్గర లేత్ లేదు. పర్లాకిమిడిలో ఉండి ఇంత ఆలోచించడం ఏమిటని తర్వాత నవ్వొచ్చింది. మా ఊరు కొమ్ము పనికి పేరున్న ఊరు. గేదె కొమ్ముతో కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేసే మిస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలో నాకు తెలిసిన తాత ఒకాయన దగ్గరికి డయల్ పట్టుకెళ్లాను. ఆయన సగం ఒడియా, సగం తెలుగు మాట్లాడతాడు. చూసి, "ఇంత సన్నం పనికి కొమ్మే మంచిది బాబూ, తొందరగా కాలదు, కాలితే నీకే తెలుస్తాది" అన్నాడు. అప్పుడా రెండో మాట నాకు అర్థం కాలేదు.

రెండు బిళ్లలు కోసి, ఇంచుమించు ముప్పై ఒక్క మిల్లీమీటర్లకి రుద్ది ఇచ్చాడు. మిగిలింది నన్ను చేసుకోమన్నాడు. వెనక బిళ్ల నడుమ నుంచి సన్నటి పొడవాటి స్క్రూ వస్తుంది. దాని తల వైపు డ్రిల్ పట్టులో బిగుస్తుంది, రెండో కొస డయల్ చిల్లు గుండా ముందుకొచ్చి నట్టు తీసుకుంటుంది. స్క్రూ డయల్ చిల్లు కన్నా వెంట్రుకవాసి సన్నగా ఉండాలి. ఆ మిగిలిన సందు పలచటి టేపు చుట్టి నింపాను. అలా చేస్తే మరలు చిల్లుని గీకవు, డయల్ కూడా అటూ ఇటూ జరగదు. వెనక బిళ్లలో డయల్ కాళ్లకి రెండు చిల్లులు వేశాను. అవి కావాలనే కాస్త వదులుగా వేశాను. కాళ్లు చిల్లులో బిగుసుకుంటే డయల్ నడుమ చిల్లుని బట్టి కాక కాళ్లని బట్టి కూర్చుంటుంది. కాళ్ల పని డయల్ జారకుండా తిప్పడం వరకే.

డ్రిల్‌ని బల్లకి వైసులో అడ్డంగా పడుకోబెట్టి బిగించాను. స్పీడు తగ్గించుకునే వీలున్న డ్రిల్ కావాలి. మొదట డయల్ లేకుండా బిళ్లలు రెండూ బిగించి, వాటినే తిప్పుతూ ఉప్పుకాగితంతో 29.35కి తెచ్చాను. ఈ పని ముందే ఎందుకంటే, డ్రిల్ పట్టులో ఎంతో కొంత ఊగుడు ఉంటుంది. బిళ్లని అదే పట్టులో తిప్పుతూ గుండ్రం చేస్తే ఆ ఊగుడు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. తర్వాత వెనక బిళ్లని పట్టులోంచి తియ్యకుండా, ముందు నట్టు మాత్రమే విప్పి డయల్ ఎక్కించాలి. పట్టు వదులు చేసి మళ్లీ బిగిస్తే చేసిన శ్రమంతా పోతుంది.

ఆ బిళ్లలు రుద్దేటప్పుడే తాత చెప్పిన మాట అర్థమైంది. కొమ్ముకి కాగితం తగిలి వేడెక్కగానే వెంట్రుకలు కాలిన వాసన గుప్పున కొట్టింది. మా ఆవిడ వంటింట్లోంచి, "ఏం కాలుస్తున్నారు?" అని కేకేసింది. కొమ్ములోనూ జుట్టులోనూ ఉండే పదార్థం ఒకటే, కెరటిన్. అందుకే ఆ వాసన. ఇదే తర్వాత నాకు హెచ్చరిక గంటలా పనికొచ్చింది. ఇత్తడి రాపిడికి ఆ వాసన రాదు. కాగితం డయల్‌ని దాటి బిళ్లని తాకిన క్షణంలో ముక్కుకి తెలిసిపోతుంది.

డయల్ పెట్టాక, ముందు బిళ్ల వెయ్యకముందు ఒక పరీక్ష చేశాను. చిన్న గుండీ అంత కొమ్ము ముక్కతో డయల్‌ని మెల్లగా పట్టి ఉంచి, పక్కనే బల్లకి బంకమట్టి ముద్దలో ఒక సూది గుచ్చి, దాని మొన నిమిషాల గీతలకి దగ్గరగా తెచ్చాను. డ్రిల్ పట్టుని చేత్తోనే నెమ్మదిగా తిప్పుతూ చూస్తే, గీతలు సూది మొనకి ఒకచోట దగ్గరై ఇంకోచోట దూరమయ్యాయి. సైకిల్ షాపులో రిమ్ము ఔట్ చూస్తారే, అచ్చం అలా. టేపు ఒక పక్క ఇంకో ముక్క వేశాక దాదాపు సర్దుకుంది. ఆ దాదాపు చాలు. కంటికి కనిపించేది కిటికీ, దాన్నుంచి గీతలకి ఉన్న దూరం. అక్కడ పదో వంతు మిల్లీమీటరు తేడా ఎవరికీ పట్టదు. ఈ పరీక్షకి పట్టినంత సేపు రుద్దడానికి పట్టలేదు.

కళ్లద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ గుండ్రంగా కత్తిరించి డయల్ ముఖం మీద వేసి, దాని మీద ముందు బిళ్ల పెట్టి, నట్టు వేళ్లతోనే బిగించాను. పానా వాడలేదు. ముక్కుకి మాస్కు, కళ్లకి అద్దాలు పెట్టుకున్నాను. ఐస్ పుల్ల మీద నాలుగు వందల నంబరు కాగితం అంటించి, డ్రిల్‌ని తక్కువ స్పీడులో వదిలి, పుల్లని డయల్ ముఖం వైపు నుంచి వెనక వైపుకి మాత్రమే జరుపుతూ ఆనించాను. వెనక్కి లాగేటప్పుడు ఎత్తెయ్యాలి. కాగితం మీద బంగారు రంగు గీత పడుతుంది, కాసేపట్లో కాగితం ఇత్తడితో నిండిపోయి జారుతుంది. జారే కాగితంతో గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది, వేడికి డయల్ మీది లక్కరు పూత మెత్తబడుతుంది. అందుకని నొక్కే బదులు కాగితం మార్చాలి. మధ్యమధ్య ఆపి, వేలు పెట్టి చూసి, చల్లారాక మళ్లీ మొదలుపెట్టాను.

తాత ఆ సాయంత్రం అటు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ, "ధీరే, ధీరే" అంటూనే ఉన్నాడు. నా చెయ్యి తడబడుతుందేమోనని నాకు వేరే టెన్షన్.

29.60 దాకా తొందరగానే దిగింది. అక్కడి నుంచి ఎనిమిది వందల నంబరు కాగితం వేశాను. ఎంతకీ తగ్గనట్టే అనిపించింది. ఒకచోట సన్నగా ఆ కాలిన వాసన మొదలైంది. చుట్టూ చూస్తే ఇత్తడి ఒక పక్క బిళ్లతో కలిసింది, ఇంకో పక్క గోరుకి ఇంకా తగులుతోంది. ఆ వాసన వస్తూ పోతూ ఉంటే పని ఇంకా ఉన్నట్టు, ఆగకుండా వస్తే అయిపోయినట్టు. కొమ్ము ఇత్తడి కన్నా మెత్తనిది కాబట్టి వాసన వచ్చాక కూడా రుద్దుతూ పోతే బిళ్ల అరిగిపోయి, డయల్ అనుకున్నదానికన్నా తగ్గిపోతుంది. కాబట్టి వాసన రాగానే ఆపి వెర్నియర్‌తో కొలవాలి. బిళ్ల ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. 29.36 చూపించింది. చివరగా పన్నెండు వందల నంబరుతో రెండు చుట్లు తిప్పి ఆపేశాను.

విప్పాక వెనక అంచున సన్నటి ఇత్తడి మొనలు నిలిచాయి. వాటిని అదే సన్నటి కాగితంతో వెనక వైపు నుంచి ఒక్కసారి తుడిచినట్టు తీశాను. డయల్ మీది రజను రబ్బరు బంతి గాలితోనే ఊదాలి. నోటితో ఊదితే ఉమ్మి తుంపర పడి మచ్చ కడుతుంది. స్పిరిట్, థిన్నర్ లాంటివి డయల్ దగ్గరికి రానివ్వకూడదు, అచ్చు చెదిరిపోతుంది. కోసిన అంచు ఇప్పుడు పూత లేని ఇత్తడి. వానాకాలం మా ఇంట్లో గోడలకే చెమ్మ, ఇత్తడి నల్లబడకుండా ఉంటుందా? మా ఆవిడ రంగు లేని నెయిల్ పాలిష్‌ని సూది మొనతో కోసిన అంచుకి మాత్రమే రాశాను. ఆరాక డయల్‌ని కేసు మీద వదిలితే దానంతట అదే మెట్టు మీదకి దిగిపోయింది.

మళ్లీ బిగించడంలో విశేషం ఏమీ లేదు. కాళ్లు, స్క్రూలు పాతవే కాబట్టి పన్నెండు పన్నెండు దగ్గరే ఉంది. వాషరు, ముళ్లు, కీ పుల్ల (కీ తిప్పే బొడిపెకి లోపలుండే కాడ) అన్నీ వరసగా ఎక్కాయి. కొత్త కేసుకి కీ పుల్ల ఒక పిసరు పొడవైతే దాని కొస రుద్దుకున్నాను. మామగారు వాచీ అటూ ఇటూ తిప్పి చూసి, "గుండు గీసినట్టు లేదే" అని చేతికి పెట్టేసుకున్నారు.

ఈ పద్ధతి అన్ని డయళ్లకీ కాదు. పింగాణీ ఎనామిల్ డయల్, ముత్యపు చిప్ప డయల్ అంచు ముట్టుకుంటే పగులుతుంది. అంకెలు విడిగా అతికించినవి అంచుకి దగ్గరగా ఉంటే అదురుకి ఊడతాయి. చీకట్లో మెరిసే పాత డయళ్లతో మరీ జాగ్రత్త. 1960ల దాకా వాటిలో రేడియం రంగు వాడారు. రేడియం సగం తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. చీకట్లో మెరుపు చచ్చిపోయినా విషం అలాగే ఉంటుంది. దాని పొడి పీల్చితే అంతే సంగతులు, అలాంటిది అసలు విప్పకూడదు.

ఈ సంగతి విని మా బావమరిది బరంపురం నుంచి ఒక డయల్ పట్టుకొచ్చాడు. జపాను సీకో కంపెనీ ఎన్.హెచ్.35 మెషీనుతో సొంతంగా వాచీ కడుతున్నాడట. డయల్ 29.5, కేసు మెట్టు 28.5. "బావా, నువ్వు చేసిందే కదా, దీనికి కూడా ఒక మిల్లీమీటరు గీసెయ్" అన్నాడు. చూస్తే దాని నిమిషాల గీతలు అంచుదాకా అచ్చువేసి ఉన్నాయి. మిల్లీమీటరు తీస్తే గీతలు సగానికి తెగిపోతాయి. పైగా ఆ మెషీనుకి 28.5 డయళ్లు బజార్లో కావలసినన్ని దొరుకుతాయి. కొనుక్కోమని చెప్పి డయల్ వెనక్కి ఇచ్చేశాను. కొమ్ము బిళ్లలు మాత్రం తీసుకుపోయాడు.